కలసి కట్టుకొను ఇండ్లు ఎవరికి అందును?



గతమాసమున ఒక మధ్యాహ్నము మా వీధియరుగుమీద ఆఱుగురు స్త్రీలము కూర్చుండి ఒక గృహమును నిర్మించితిమి. ఇటుకలతోను సున్నముతోను గాదు. మా చిన్నవాని పలకమీద బలపముతో. ఆ గృహము సాయంకాలమునకే కూలిపోయినది. అది ఏల కూలినదో మీకు విన్నవించుటకే ఈ మాసపు పుటను వినియోగించుచున్నాము.

ఈ ప్రయత్నమునకు మూలము మా పినతల్లిగారు. ఆమె భర్త గతించి తొమ్మిదేండ్లయినది. కుమారులిద్దఱును దూరదేశములలో ఉద్యోగములు చేయుచున్నారు. క్రిందటి వేసవిలో ఒకరాత్రి ఆమె స్నానాలగదిలో కాలుజాఱి పడి, లేవలేక, తెల్లవాఱి పాలు పోయు పిల్ల వచ్చి తలుపు తట్టువఱకును అక్కడనే యుండిపోయిరి. ఎముక విరుగలేదు గాని ధైర్యము విరిగినది. నాటినుండి ఆమెకొకటే ధ్యాస.

"అమ్మాయీ, పిల్లలను తప్పుపట్టి లాభం లేదు. వాళ్ల బ్రతుకులు వాళ్లవి. వయసు మళ్ళినవాళ్లం నలుగురం ఒక ప్రహరీలో, ఎవరి వంటిల్లు వాళ్లకు ఉంచుకొని, ఒకరు పిలిస్తే ఇంకొకరికి వినబడేట్టు ఉండకూడదా?" అని మమ్మడిగిరి.

ఆ మాట మాకును నచ్చినది. ఇరుగుపొరుగు సోదరీమణులను పిలిచి లెక్కకు గూర్చుంటిమి. మా యూరిలో బస్సులు నిలుచు చోటికి చేరువగా గజము నేల 20,000 రూపాయలు పలుకుచున్నది. ఆఱిండ్లకును నాలుగు చెట్లకును గలిపి 600 గజములు కావలెననుకొంటిమి. నేలకే 1 కోటి 20 లక్షలు. ఒక్కొక్క యిల్లు 600 చదరపుటడుగులు. అందఱకును గలిపి ఒక పెద్ద సావిడి, ఒక వంటయిల్లు, చుట్టములు వచ్చినచో పరుండుటకు ఒక గది. వీనికి 900 అడుగులు. మొత్తము 4,500 అడుగులు. అడుగునకు 2,000 రూపాయల చొప్పున కట్టుబడికి 90 లక్షలు. అన్నియు గలిపి 2 కోట్ల 10 లక్షలు. తలకు 35 లక్షలు.

ఆ యంకె పలకమీద పడగానే అరుగు నిశ్శబ్దమైనది. మాలో కొందఱకు అమ్ముకొనుటకు పాతయిండ్లు గలవు. కొందఱకు పుట్టింటివారిచ్చిన నేల గలదు. ఒక సోదరికి మాత్రము కుట్టుమిషను, అద్దెగది తప్ప మఱేమియు లేవు. ఎవరి వంటింటి కిటికీ ఎటు తెఱవవలెనో, బావిగట్టు మీది మాట ప్రతి గదికిని ఎట్లు వినబడవలెనో అంతవఱకు చెప్పుచున్నది ఆమెయే. ఆమె నవ్వి, "మీరు కట్టుకోండి వదినగారూ, నేను పండుగలకు వచ్చిపోతూ ఉంటానులెండి" అని దారపుకండె సంచిలో వేసికొని లేచినది.

సాయంకాలము మా వారు బడినుండి వచ్చి పలకను జూచి, "లెక్క తప్పలేదే!" అనిరి. నిజమే, లెక్క తప్పలేదు. తప్పు మఱియెక్కడనో యున్నది. దానిని వెదకుటకై ఇట్టి యిండ్లను ఇదివఱకు కట్టుకొన్నవారి చరిత్రలను చదివితిమి.

పాశ్చాత్యదేశములలో ఇట్టి నివాసమునకు కోహౌసింగు అని పేరు. మనము సహనివాసమందము. ఇది ఉమ్మడికుటుంబము గాదు. ఎవరి యిల్లు వారిదే, ఎవరి సంపాదన వారిదే. పట్టణములలోని అపార్టుమెంటువంటిదియు గాదు. అచ్చట నివసింపబోవువారే ముందుగా గూడుకొని, ఇల్లెట్లుండవలెనో తామే నిర్ణయించుకొని, ఉమ్మడి భోజనశాలను, తోటను, అతిథిగదిని ఏర్పఱచుకొని, పనులను వంతులవారీగా జేసికొందురు.

ఈ పద్ధతి డెన్మార్కు దేశమున పొడమినది. యాన్ గుడ్‌మండ్ హోయర్ అను వాస్తుశిల్పి 1964లో మిత్రులతో గూడి యోచన మొదలిడెను. మొదట కొన్న నేలవద్ద ఇరుగుపొరుగువారు ఆక్షేపించుటచే ఆ ప్రయత్నము సాగలేదు. 1967లో బోడిల్ గ్రా అను రచయిత్రి, బిడ్డలకు నూర్గురు తల్లిదండ్రులుండవలెనను భావముతో ఒక వార్తాపత్రికలో వ్యాసము వ్రాసెను. దానిని చదివి ఎందఱో కుటుంబీకులు ముందుకు వచ్చిరి. 1972 నాటికి హిల్లెరోడ్ పట్టణము దాపున సెట్టెడామెన్ అను తొలి సహనివాసము వెలసినది. 1991లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున డేవిస్ పట్టణములో 26 ఇండ్ల సహనివాసము కట్టబడినది. ఆ దేశమున అదియే మొదటిది.

వీనిలో మొదట చేరినవారెవరని విచారింపగా, ఎక్కువగా చదువుకొన్నవారు, మంచి యుద్యోగములు గలవారు, చేత కొంత మూలధనము గలవారని తెలియుచున్నది. అంతకు ముందు 1935లో స్వీడను రాజధానియగు స్టాక్‌హోము నగరమున స్వెన్ మార్కెలియస్ అను శిల్పి, ఆల్వా మిర్డాల్ అను విదుషీమణి యాలోచనలతో, 57 నివాసములు గల ఒక సామూహిక గృహమును నిర్మించెను. ఉద్యోగము చేయు తల్లుల బరువు తగ్గింపవలెనని క్రింద ఉమ్మడి వంటశాల, శిశువుల బడి, అన్నమును పైయంతస్తులకు చేర్చు చిన్న లిఫ్టులు అమర్చిరి. ఇంత చేసినను అందులో కాపురమునకు వచ్చినవారు ప్రధానముగా నగరములోని విద్వాంసులును మేధావులును. ఏ తల్లుల పేర ఆ యోచన పుట్టినదో, వారిలో పేదలకు ఆ తలుపు తెఱచుకొనలేదు.

అనగా, మా యరుగుమీద జరిగినదే అచ్చటను జరిగినది. స్నేహము తక్కువగుటచేత గాదు. కారణములను ఒక్కొక్కటిగా జూతము. పెద్దకంపెనీ వందలకొలది యిండ్లను ఒక్కసారి కట్టును గనుక సామాను చవుకగా తెచ్చుకొనును. ఇరువది ముప్పది కుటుంబములకు ఆ యవకాశము లేదు. ఉమ్మడి గృహమునకు అదనపు వ్యయము. అందఱు నొక మాటమీదికి వచ్చుటకు ఏండ్లు పట్టును. ఆ కాలమంతయు అప్పుకు వడ్డీ నడుచును. ఇట్టి కట్టడమునకు అప్పిచ్చుటకు బ్యాంకులు వెనుదీసి, ముందుగా పెద్దమొత్తము చూపుమందురు. ఇన్నిటికిని మించినది నేల ధర.

మా పలకకే మరల వత్తము. ఉమ్మడి సావిడికి వంటింటికి అయిన వ్యయము 18 లక్షలు. తలకు 3 లక్షలు. ఉమ్మడి గదులున్నవి గదా యని ఒక్కొక్క యింటిని 100 అడుగులు తగ్గించుకొన్నచో 12 లక్షలు మిగులును. తలకు 2 లక్షలు. ఇంత సర్దుకొన్నను, కలసి యుండుటవలన కట్టుబడిలో మిగిలినదేమియు లేదు. లక్ష రూపాయలు పైన పడినది. నేలకు మాత్రము తలకు 20 లక్షలు చెక్కుచెదరక నిలిచియున్నవి.

కలసి యుండుట వలన లాభము లేదని మా యభిప్రాయము గాదు. బట్టలుతుకు యంత్రములు ఆఱింటికి బదులు రెండు చాలును. వారమునకు మూడు పూటలు కలసి వండుకొన్నచో గ్యాసును పనియు తగ్గును. జబ్బుచేసిన దినమున ఆయాను కుదుర్చుకొననక్కఱలేదు. కాని ఇవి నెలనెలా మిగులునవి. చేరుటకు వలయు సొమ్ము వేఱు, ఉండుటకు వలయు సొమ్ము వేఱు. సహనివాసము రెండవదానిని తగ్గించును. మొదటిదానిని దానంతటది తగ్గింపదు. భారతమున పాండవులు అయిదూళ్లతో తృప్తిపడుదుమన్నను, సూదిమొన మోపునంత నేలయు దొరకలేదు గదా! ఎంత సర్దుకొనువారికైనను నేల ఇచ్చువాడుండవలెను.

మఱియొక చిక్కు కలదు. ఇది మమ్ము ఎక్కువగా ఆలోచింపజేసినది. పదేండ్లు కలసిమెలసి యుండి, చెట్లు పెంచి, మంచిపేరు తెచ్చుకొన్న ఆవరణలో ఇల్లు కావలెనని పదిమంది వత్తురు. అప్పుడు ధర పెరుగును. ఒక సభ్యురాలు ఇల్లమ్మి వెళ్లునాటికి, ఆ ధర నీయగలవారే లోనికి వత్తురు. మనము నీళ్లు పోసి పెంచిన స్నేహమే ధరగా మాఱి, మనవంటివారిని వాకిట నిలుపును.

దీనికి విరుగుడు కనుగొన్నవారును గలరు. వారందఱును చేసినది ఒక్కటే: నేలను, ఇంటిధరను సంతనుండి తప్పించిరి. ఆ తప్పించు మార్గములు మూడు విధములుగా గానవచ్చుచున్నవి.

మొదటిది అద్దె. డెన్మార్కులోనే హెర్ఫోల్గె వద్ద 1978లో టింగ్‌గార్డెన్ అను ఆవరణ వెలసినది. అందలి యిండ్లు దాదాపు 80. అన్నియు లాభాపేక్ష లేని గృహసంఘమువారి అద్దెయిండ్లు. వానిని ఆఱు వాడలుగా విభజించి, వాడకొక ఉమ్మడి గృహము కట్టిరి. స్టాక్‌హోములో 1993లో తెఱచిన ఫార్డ్‌క్నెపెన్ అను గృహమున 43 నివాసములు గలవు. బిడ్డలు ఎదిగి వెళ్లిపోయిన నడివయస్సువారికిని పెద్దలకును అది యుద్దేశింపబడినది. కట్టడము నగరపాలకుల గృహసంస్థది. వంటయు శుభ్రతయు వంతులవారీగా నివాసులవి. అందు చేరుటకు మూలధనమక్కఱలేదు. నెలయద్దె కట్టగలిగిన చాలును.

రెండవది కొన్ని యిండ్లను వేఱుగా నుంచుట. లండను నగరపు ఉత్తరభాగమున హై బార్నెట్ అను చోట ఏబది యేండ్లు దాటిన స్త్రీలే కట్టించుకొన్న న్యూ గ్రౌండ్ అను సహనివాసమున్నది. ఇది మా పినతల్లిగారి కల వంటిదే. 1998లో యోచన మొదలైనది. 2016 చివరకు గాని గృహప్రవేశము కాలేదు. పదునెనిమిదేండ్లు! అంతకాలము ఎదురుచూచుటకును స్థితి యుండవలెను గదా. అచ్చటి యిండ్లు 25. అందు 17 సొమ్ము పెట్టి దీర్ఘకాలపు హక్కుతో కొన్నవారివి. 8 మాత్రము తక్కువయద్దెకు కొనలేని స్త్రీలకై ఉంచబడినవి. ఆ యెనిమిదింటికి ఒక ధర్మనిధి సహాయపడినది. ఇచ్చట గమనింపవలసినది యిది: ఎనిమిది తలుపులు వారంతట తెఱచుకొనలేదు. కొనగలిగినవారు మొదటినుండియు పట్టుబట్టి, ఆ సొమ్ము దొరకువఱకు తిరిగి తెచ్చుటచే తెఱచుకొన్నవి.

మూడవది ఆదాయమునుబట్టి చెల్లించుట. ఇంగ్లండులోని లీడ్స్ నగరమున లిలాక్ అను 20 ఇండ్ల సహనివాసము 2013లో పూర్తియైనది. అది పూర్వమొక పాఠశాల యుండిన నేల; గోడలలో గడ్డిమోపులు కూర్చి కట్టిరి. నేలయు ఇండ్లును సంఘమువి. ఒక్కొక్క కుటుంబము పన్నులు పోగా చేతికి వచ్చు ఆదాయములో నూటికి 35 వంతులు సంఘమునకు చెల్లించును. నెలకు 2,000 పౌనులు వచ్చువారు 700 ఇత్తురు; 1,500 వచ్చువారు 525 ఇత్తురు. ఆ సొమ్ముతో బ్యాంకు అప్పు తీఱును. ఇచ్చినదానినిబట్టి వాటాలు సమకూడును. విడిచిపోవునాడు ఆ వాటాలవిలువ ఇండ్లధరలతో గాక, జనుల సగటు జీతములతో పాటు పెరుగునట్లు కట్టడి చేసికొనిరి. కావున రేపు వచ్చు కుటుంబమునకును ఆ యిల్లు నేటివలెనే అందుబాటులో నుండును. అట్లని ఇదియు మంత్రము గాదు. అప్పు తీఱవలెను గనుక అందఱును మిక్కిలి తక్కువ ఆదాయము గలవారైనచో లెక్క నిలువదు. అప్పుడు ప్రభుత్వమో ధర్మనిధియో ఆదుకొనవలసినదే.

మన దేశమునకు సహకార గృహసంఘములు క్రొత్తవి కావు. ముంబయిలోని గాందేవి ప్రాంతమున సారస్వత సహకార గృహసంఘము 1915లోనే ఏర్పడినది. కట్టడము సంఘమునకు చెంది, సభ్యులు వాటాదారులై నివసించు పద్ధతిని అవలంబించినది. అట్టి సంఘములు ఆ నగరమున నేడు వేలకొలది గలవు. అయినను అందలి నివాసములు సామాన్యులకు అందునవి కావు. ఏలయన, నేల సంఘము పేర నున్నను, సభ్యుడు తన నివాసమును సంతధరకే ఇతరులకు మార్చుకొనవచ్చును. కాబట్టి సంఘమని పేరు పెట్టుకొన్న మాత్రమున చాలదు. చేరునాటి నియమముకంటె విడిచిపోవునాటి నియమము ముఖ్యము.

ఇట్టి యోచన గల సోదరీమణులు ఇంటి పటము గీయుటకు ముందు ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము వ్రాసికొనవలెనని మా మనవి. నేల ఎవరి పేర నుండును? చేరునాడు ఎంత, నెలకు ఎంత? విడిచిపోయినను మరణించినను ఆ యిల్లు ఎవరికి, ఏ లెక్కన వెళ్లును? ఒకరి యాదాయము తగ్గినచో మిగిలినవారు ఏమి చేయుదురు? వీనిని వెనుకకు నెట్టి కిటికీలను గుఱించియు ముగ్గులను గుఱించియు మాటలాడినంతకాలము, లేనివారు మన మాటలు విని నవ్వి లేచిపోవుచునే యుందురు.

ఇందులో మా తప్పును దాచుకొనుట న్యాయము గాదు. 35 లక్షలు పలకమీద వేయునప్పుడు, పదేండ్లకు అది 60 లక్షలగునని, మా యమ్మాయి చదువునకు అక్కఱకు వచ్చునని మేమును లోలోపల గుణించుకొంటిమి. ఇల్లు ఆసరాయు కావలెను, ఆస్తియు పెరుగవలెను అని రెండును కోరితిమి. మొదటిది అందఱకును అందవలెనన్నచో రెండవదానిని కొంత విడువక తప్పదు. మధ్యతరగతి గృహమునకు ఇది చిన్నత్యాగము గాదు. ఏలయన, మనకు ఇల్లే నిధి, ఇల్లే వృద్ధాప్యపు ఊతకఱ్ఱ.

మేము చదివినదంతయు మా పినతల్లిగారికి వినిపించితిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. "ధర పెరగని ఇంట్లో నా సొమ్ము పెడితే పిల్లలు ఏమంటారో" అని మొదట సందేహించిరి. తరువాత తమలో తామే, "ఆ రాత్రి పడిపోయినప్పుడు నా ఇంటి ధర వచ్చి నన్ను లేవదీయలేదు కదా" అనిరి.

మఱునాడు ఆమెయే ఒక యుపాయము చెప్పిరి. క్రొత్తనేల కొననక్కఱలేదు. వారి పాతయింటి పెరటివైపు రెండు గదులు, ఒక వసారా వాడుక లేక పడియున్నవి. వానిని బాగుచేయించి, ఆ కుట్టుపని సోదరికి ఆమె యిప్పుడు కట్టుచున్న అద్దెకే ఇత్తురట. వీధివైపు గదిలో మఱియొకరు చేరుదురు. వంట వేఱు, రాత్రి భోజనము కలసి. ఏడాదికి మించిన అద్దెపత్రమునకు రిజిస్ట్రేషను తప్పదనియు, అట్లు వ్రాయించుకొన్న పత్రమునకు గడువు తీఱువఱకు వారసులును కట్టుబడియుండవలెననియు మా వారు చెప్పిరి. "అయితే పదేళ్లకు రాయించు" అని ఆమె యనిరి.

కుమారుల సమ్మతి ఇంకను రాలేదు. పెద్దవాడు ఆలోచించి చెప్పెదనన్నాడు. పత్రము వ్రాయలేదు. వసారా కప్పు వానకు కాఱుచున్నది. అయినను నిన్న ఆ సోదరి వచ్చి, టేపుతో ఆ గదిని కొలిచి, మిషను ఏ కిటికీ దగ్గఱ వేసినచో పినతల్లిగారి పిలుపు వినబడునో చూచుకొని వెళ్లినది. ఈ మారు పలకమీద మొదట వ్రాసినది అద్దె. గదుల పటము దాని క్రింద వచ్చినది.

మా చదువరులలో ఎవరైనను ఇట్టి ప్రయత్నము చేసియున్నచో, అందు చెల్లిన నియమములను, చెల్లని నియమములను దాచక మాకు వ్రాయగోరెదము. పదిమందికి ఉపయోగపడును.